మొటిమకి మూడు నెలలు ఆగలేరా?

మా రోజుల్లో మొటిమ వస్తే ఇంట్లో ఒకటే మాట: "వయసు మొటిమలు, పెళ్ళయితే అవే పోతాయి." మా నాయనమ్మ జాజికాయ పాలతో సానమీద అరగదీసి అద్దేది. తగ్గిందో లేదో చూసుకోడానికి ఇంటిల్లిపాదికీ మేకుకి వేలాడే అరచేతంత అద్దం. అందులోనూ నాన్నగారి గడ్డం అయ్యాకే మా వంతు.

ఇప్పుడు మా మనవరాలి బల్ల చూస్తే, నేను నడిపిన మందుల షాపులో కూడా ఇన్ని సీసాలు లేవేమో! టోనరట, సీరమట. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే ముఖంలో ప్రతి రంధ్రమూ బావిలా కనిపించదూ? నాలుగు రోజులు ఒకటి రాయడం, తగ్గలేదని ఇంకోటి కొనడం. ఏ మందైనా గుణం చూపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందే తల్లీ! అడపలీన్ లాంటిది రాస్తే మొదట్లో ఎర్రబడి, పొట్టు లేస్తుంది. అందుకే బఠాణీ గింజంత తీసుకుని, రాత్రిపూట, రోజు విడిచి రోజు మొదలుపెట్టమంటారు. అదీ ముఖమంతా పల్చగా, మొటిమమీద చుక్కలా కాదు.

అసలది మొటిమేనా అని చూసేవాళ్ళేరీ? నుదుటిమీద అన్నీ ఒకే సైజులో లేచి దురదపెడితే ఫంగస్ కావచ్చు, యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది. నెలసరి తప్పుతూ గడ్డం చుట్టూ వస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి.

నాకు ఒళ్ళు మండేది మాత్రం "తెల్లబడే ట్యూబు ఇవ్వండి" అనేవాళ్ళని చూస్తే. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్ళు ముఖం నున్నగా మెరుస్తుంది. మానేస్తే మంట, ఎరుపు, మళ్ళీ మొటిమలు. వాడుతూ పోతే చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు బయటపడతాయి, ఆడపిల్లలకి ముఖంమీద వెంట్రుకలూ రావచ్చు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే నాథుడేడీ?

మావాళ్ళేం తక్కువ తిన్నారా అంటే, అదీ లేదు. పెళ్ళిదాకా ఆగమంటే ఆగి, బుగ్గల నిండా గుంటలతో పీటలమీద కూర్చున్నవాళ్ళు మా పెళ్ళి ఫొటోల్లో ఉన్నారు. అలాంటి మొండి రకానికి ఇప్పుడు ఐసోట్రెటినాయిన్ ఉంది. డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. గర్భిణులు ముట్టకూడదు, పిండానికి హాని.

ఇంత చెప్పినా, తలకి కాస్త నూనె పెట్టుకోవే అంటే, నుదుటిమీద మొటిమలొస్తాయంటుంది మా మనవరాలు. ఆ మాట నిజమే, వాళ్ళ బామ్మ ముందు మాత్రం అనకండి.