సెమీఫైనల్ ముందురోజు: ఒక గోల్ వల ఆత్మకథ

నేను వలను. చెరువులో వేసేదాన్ని కాదు, ఫుట్‌బాల్ గోల్‌పోస్టుకు కట్టేదాన్ని. పుట్టింది ఆటవస్తువుల తయారీకి పేరుపడిన జలంధర్‌లో. పెరిగిందీ, ముసలిదాన్నయిందీ హిందూపురంలో, ఒక డిగ్రీ కాలేజీ ఆటల గదిలో. నాకు జోడుగా ఇంకో వల ఉంది. ఇద్దరినీ ఒకే గోతాంలో కుక్కి తీసుకుపోతారు. ఆట మొదలయ్యాక అది ఆ కొసన, నేను ఈ కొసన.

ఇప్పుడు ఇద్దరమూ పెనుకొండలో ఉన్నాం. రేపు పొద్దున ఎనిమిదికి ఇక్కడ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అంతర్‌కళాశాలల ఫుట్‌బాల్ సెమీఫైనల్. హిందూపురం కాలేజీకీ, ధర్మవరం కాలేజీకీ ఆట. పోటీలు జరుపుతున్నది పెనుకొండ కాలేజీ. వాళ్ల జట్టు క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయింది. వాళ్లకు పోస్టులున్నాయి, వలలు లేవు. అందుకే మమ్మల్ని అడిగి తెప్పించుకున్నారు.

ఆటను అందరికన్నా దగ్గరగా చూసేది గోల్‌కీపర్ అయితే, జనాన్ని అందరికన్నా దగ్గరగా చూసేదాన్ని నేను. మా మైదానాలకు గ్యాలరీలు ఉండవు. జనం గీత పక్కన నిలబడతారు. సెకండాఫ్ వచ్చేసరికి సగం మంది గోల్ వెనక్కి చేరి, నా కన్నుల్లో వేళ్లు దూర్చి పట్టుకుంటారు. ఎవరికి ఎంత ఆశ ఉందో, ఎవరి గుండె ఎంత కొట్టుకుంటోందో ఆ వేళ్లు నాకు చెప్పేస్తాయి. ఈ జనం గురించే నేను చెప్పదలచుకున్నది. ఆట తొంభై నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లు మాత్రం పది రోజుల నుంచి ఆడుతూనే ఉన్నారు.

అంతకన్నా ముందు మా పుట్టుక గురించి ఒక ముక్క. ఫుట్‌బాల్ ఆట మొదలైన కొత్తలో వలలు లేవు. రెండు గుంజలు, వాటి మీద ఒక అడ్డు, అంతే. 1889లో ఇంగ్లండులో ఒక మ్యాచ్‌లో బంతి పోస్టుల లోపలి నుంచి పోయిందా, బయటి నుంచి పోయిందా అని పెద్ద రభస జరిగింది. లివర్‌పూల్ ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రాడీ దానికి మార్గం ఆలోచించి, పోస్టుల వెనక వల కట్టే పద్ధతి కనిపెట్టాడు. 1891 జనవరిలో నాటింగ్‌హామ్‌లో మొదటిసారి పెద్ద ఆటకు వల కట్టారు. ఇదే బ్రాడీ తర్వాత మన దేశానికీ వచ్చాడు. కొత్త ఢిల్లీ ఎక్కడ, ఎట్లా కట్టాలో తేల్చడానికి 1912లో వేసిన సంఘంలో వాస్తుశిల్పి లుట్యెన్స్‌తో పాటు ఆయన కూడా సభ్యుడు. రాజధాని నగరానికి చోటు చూసిన మనిషే నన్నూ కనిపెట్టాడన్నది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

వల లేకపోతే ఏమవుతుందో మా పిల్లలకు బాగా తెలుసు. ఒక ఊళ్లో పోస్టులకు కొక్కేలు లేవని మమ్మల్ని గోతాంలోనే ఉంచేశారు. చివరి నిమిషాల్లో కొట్టిన బంతి పోస్టును రాసుకుంటూ దూసుకుపోయి వెనక ముళ్లకంపలో పడింది. గోల్ అని ఒక గుంపు, బయట అని ఇంకో గుంపు. రెఫరీ దూరంగా ఉన్నాడు. ఆయన తీర్పు ఎవరికీ నచ్చలేదు. ఆట అయ్యాక చేతులు కలుపుకోవలసిన పిల్లలు రాళ్లు ఏరుకున్నారు. గోతాం లోపలి నుంచి ఆ అరుపులు వింటుంటే నాకు ఎంత బాధగా ఉండిందో చెప్పలేను. ఇరవైనాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న ఆ ఖాళీలో నేనుండి ఉంటే, ఆ సంగతి రెప్పపాటులో తేలిపోయేది.

ధర్మవరంతో నాకున్న బంధం కూడా చెప్పాలి. నైలాన్‌కు ఎండ శత్రువు, మా సీమలో ఎండకు కొదవ లేదు. ఒక ఏడాది అక్కడి మైదానంలో గట్టిగా తగిలిన షాట్‌కు నా పైమూల చిరిగింది. ఆ షాట్ కొట్టిన ఫార్వర్డ్ వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. నన్ను ఇంటికి తీసుకుపోయి దీపం కింద పరుచుకున్నాడు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటీ ముడివేస్తారు. వేల పోగులు, వేల ముడులు. పట్టుచీరలో ఆ ముడి కనిపించకూడదు, తెగకూడదు. ఆ చేతులతో ఆయన నా చిరుగులు ముడివేశాడు. మరునాడు మా కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) సార్ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "వలకు దుడ్లేంటికి సార్? మావోడు కొట్టినప్పుడు బాలు నిలబెడితే చాలు" అన్నాడు. ఆ మూల ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. అందుకే రేపు ఎవరు గెలవాలని నన్ను అడగొద్దు. నన్ను దాచుకున్నది ఒక ఊరు, నిలబెట్టింది ఇంకో ఊరు.

ఇక జనం దగ్గరికి వస్తాను.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి. మమ్మల్ని రైల్లోనే తెచ్చారు. గోతాం సీటు కింద పెట్టారో లేదో ఎదుటి సీటులో పెద్దాయన పలకరించాడు.

"ఏం సరుకప్పా అది?"

"వలలు పెద్దాయనా, ఫుట్‌బాల్ ఆటకు. పెనుకొండలో సెమీఫైనల్ ఉంది."

"ధర్మవరమోళ్లతోనే కదా? కష్టమప్పా. ఈతూరి వాళ్ల బ్యాకులు గట్టిగా ఉండారు."

ఆయన కాలేజీ మెట్టెక్కినవాడు కాదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో మూటలు మోసి పెనుకొండకు తిరిగిపోతున్నాడు. మూడు జట్ల బలాబలాలూ ఆయనకు కొట్టిన పిండి. దిగేటప్పుడు గోతాంకు ఒక చెయ్యి వేసి తనే కిందికి దించాడు.

హిందూపురంలో అయితే టీ అంగళ్ల దగ్గర వేరే మాట లేదు. సాయంత్రం ఎంజీఎం హైస్కూల్ మైదానం చుట్టుపక్కల ఒకప్పుడు ఆడినవాళ్లు చేరతారు. ఒకాయనకు ఆటో, ఒకాయనకు చెప్పుల అంగడి, ఒకాయన బడిలో అయ్యవారు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో పలుకుతాయి. "మన లెఫ్ట్ కాలోడు ఒక్కడు చాలు మచ్చా" అంటాడు ఒకడు. "వాణ్ని పట్టుకునేకి ఇద్దర్ని పెడతారు, అప్పుడేం చేస్తావ్?" అంటాడు ఇంకొకడు. "ఇద్దరు వానిమీద పడితే నడుమ ఖాళీ అయితుంది కదా భాయ్" అని మూడో ఆయన గ్లాసులు మైదానంలా పేర్చి చూపిస్తాడు. ఆ గ్లాసులు తీయడానికి అంగడాయన కూడా ఒప్పుకోడు, ఆయనకూ సందేహం తీరాలి. టై బ్రేకర్ దాకా పోతే ఎవరు కొట్టాలన్నది మాత్రం ఈ పది రోజుల్లోనూ తేలలేదు.

హిందూపురం కుర్రాళ్లు కొందరు రైలెక్కి బెంగళూరు శ్రీకంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆటలు చూసి వస్తుంటారు. అక్కడ ఆట ఆసాంతం నిలబడి పాడే అభిమానుల బృందం ఉంది. ఆ చప్పట్ల వరస నేర్చుకుని వచ్చి, దానికి మన డప్పు దరువు కలిపారు. రేపు గోల్ వెనక వినిపించేది అదే.

ధర్మవరంలో మాటలు తక్కువ, లెక్క ఎక్కువ. మగ్గం గుంతలో కూర్చున్న మనిషి కాళ్లూ చేతులూ పనిలో ఉంటాయి, నోరు మాత్రం ఖాళీ. వీధి పొడుగునా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆట కబుర్లు నడుస్తాయట. సగం రోజు మగ్గం ఆపితే ఎంత కూలి పోతుందో వాళ్లకు తెలుసు. అయినా రేపు ఆపుతున్నారు. ఆ సగం రోజు పని ముందే పూర్తి చేసేందుకు ఈ వారమంతా రాత్రిళ్లు ఎక్కువసేపు నేశారని పీడీ సార్ల మాటల్లో విన్నాను. కోట్ల రూపాయల జట్ల కోసం టీవీ ముందు కూర్చోవడం వేరు. తమ వీధి పిల్లాడు కాలు అడ్డం పెట్టే ఆట కోసం కూలి వదులుకోవడం వేరు. ఈ రెండోదే నాకు గొప్పగా కనిపిస్తుంది.

పెనుకొండ వాళ్ల సంగతి ఇంకోరకం. తమ జట్టు ఓడిపోయింది కాబట్టి ఊరుకుంటారని అనుకుంటే పొరపాటే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఈ కొండ కిందికే మార్చుకున్నారు. అందుకే రెండు ఊళ్ల తగవుకు తీర్పరి స్థానం తమదేనని వీళ్ల ధీమా. బాబయ్య దర్గా దగ్గర పూలమ్మే కుర్రాడు హిందూపురం పక్షం, వాళ్లన్న ధర్మవరం పక్షం. ఎర్రమంచి దగ్గరున్న కియా కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి నేరుగా మైదానానికి వస్తామన్నవాళ్లు ఉన్నారు. ప్రపంచ కప్ మైదానాల పక్క బోర్డుల మీద చూసిన పేరు కింద పనిచేసే ఈ పిల్లలు, నిద్ర మానుకుని కాలేజీ ఆట చూడటానికి వస్తున్నారు.

ఇంత వానలేని నేలలో ఈ ఆట ఇంతగా ఎట్లా పాతుకుందని బయటివాళ్లు అడుగుతుంటారు. గడ్డి లేని ఎర్రమట్టిలో పడితే మోకాలు చెక్కుకుపోతుంది. అయినా ఆడతారు. ఒక కారణం ఫుట్‌బాల్‌కు ఒక్క బంతి చాలు. రెండో కారణం విన్సెంట్ ఫెర్రర్. 1969లో అనంతపురంలో ఆర్డీటీ సంస్థను స్థాపించిన స్పెయిన్ దేశస్థుడు. నీళ్లు, ఇళ్లు, బళ్లు, ఆసుపత్రులతో పాటు ఆ సంస్థ ఆటనూ పల్లెలకు తీసుకుపోయింది. అనంతపురంలో పచ్చిక మైదానాలు వేసింది. ఆడపిల్లలకు బూట్లు ఇచ్చి దించింది. ఫెర్రర్ 2009లో కన్నుమూశాడు, ఆయన నాటిన ఆట ఇంకా నడుస్తోంది. క్వార్టర్ ఫైనల్ చూస్తూ నా వెనక నిలబడ్డ ఒక అమ్మాయి, ఆఫ్‌సైడ్ కాదని కేకలు వేస్తున్న ఆటో డ్రైవర్‌కు "బాలు వదిలినప్పుడు వాడు యాడుండాడో చూడన్నా, అందుకున్నప్పుడు కాదు" అని ఓపికగా చెప్పింది. ఆ పిల్ల పల్లె లీగ్‌లో ఆడి వచ్చింది. ఆయన తల ఊపి, తర్వాత ప్రతి అనుమానానికీ ఆ పిల్లనే అడిగాడు.

రైల్లో మా పీడీ సార్ పిల్లలకు రహీం సాబ్ గురించి చెప్పాడు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా మొదలై దేశపు జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ యుగోస్లావియా చేతిలో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. "పంతులు చెప్పిన ఆటరా ఇది" అన్నాడు సార్. కిటికీ పక్కన కూర్చున్న మా గోల్‌కీపర్ చేతి గ్లవ్స్ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

గెలిస్తే ఏమొస్తుంది? ఫైనల్. ఫైనల్‌తో పాటు విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేసే సెలెక్టర్ల కళ్లు. ఎంపికైనవాళ్లు దక్షిణ మండల పోటీలకు పోతారు. ఆ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగానికి దారి చూపొచ్చు. మూటలు మోసే నాయనకూ, మగ్గం నేసే నాయనకూ దాని విలువ తెలుసు. కానీ నా వెనక నిలబడేవాళ్లలో చాలామందికి కొడుకులు ఆ జట్టులో లేరు, ఉద్యోగం ఆశా లేదు. వాళ్లకు తమ ఊరు గెలవాలి, అంతే. ఈ కోరికలో స్వార్థం లేదని నేను ప్రమాణం చేసి చెబుతాను.

ఈ సాయంత్రం మమ్మల్ని పోస్టులకు కట్టారు. కొక్కేలు లేని చోట తాడు చుట్టారు, కింద ఇనుప మేకులు దిగ్గొట్టారు. సున్నంతో గీతలు వేస్తుంటే ముందే వచ్చిన రెండు ఊళ్ల వాళ్లూ మైదానం చూడటానికి చేరారు. పెనాల్టీ ఏరియాలో గులకరాళ్లు ఎక్కువున్నాయని ఒకాయన వంగి ఏరడం మొదలుపెట్టాడు. చూసి ఇంకొకాయన, తర్వాత పది మంది. ఎవరు ఏ ఊరో అడగలేదు. ఏరిన రాళ్లు గోతాంలో పోసి గోడవతల పారబోశారు. ఆ పని అయ్యాక బండి దగ్గర ఉగ్గాని, బజ్జీలు తింటూ మళ్లీ వాదన అందుకున్నారు.

కాలేజీల పెద్దలకు ఒక్క మాట. మీ మైదానంలో పోస్టులుంటే వలలు కూడా కట్టించండి. అంత ఖర్చేం కాదు. ఏళ్ల తరబడి పిల్లల తగవులు తీరుస్తాం. ఊరి పెద్దలకూ ఒక మాట. కాలేజీ మైదానాన్ని సంతలకూ, సభలకూ ఇచ్చినప్పుడు గుంతలు పూడ్చి తిరిగి ఇవ్వండి.

ఇది చదువుతున్న మీకు చివరి మాట. మీ ఊళ్లోనూ ఒక చిన్న కాలేజీ, దానికొక జట్టు ఉండే ఉంటాయి. ఆ పిల్లల ఆట ఉందని తెలిస్తే వెళ్లండి. టికెట్ ఉండదు, కుర్చీ ఉండదు. గోల్ వెనక చోటు మాత్రం ఎప్పుడూ ఉంటుంది.