చర్చి కొన్నాయన

బాబుపేట్‌లో ఇల్లు కట్టేవాడికి రెండే దిగుళ్లు. స్లాబు ఎప్పుడు పడుతుందా అని ఒకటి, చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటాక ఆ స్లాబు కింద ఎట్లా పడుకోవాలా అని రెండోది. చర్చి కొన్నాయనకు ఈ రెండూ లేవు. కప్పు ఎప్పుడో వందల ఏళ్ల కిందటే పడింది. ఎంత పొయ్యి రాజేసినా వేడంతా నేరుగా దాని దగ్గరికే వెళ్తుంది.

ఈయన మన వైపు దొరకడు. ఇంగ్లండ్ పల్లెలకు పోవాలి. అక్కడ ఆదివారం వచ్చేవాళ్లు తగ్గిపోయి, మరమ్మతులకు డబ్బు పుట్టక, ఒక్క చర్చ్ ఆఫ్ ఇంగ్లండే 1969 నుంచి సుమారు 2,000 చర్చిలు మూసేసింది. మెథడిస్టులవి వేరే లెక్క. మెదక్‌లో 1914 నుంచి 1924 దాకా అంతెత్తు చర్చి కట్టించిన పాస్నెట్ దొర ఆ మెథడిస్టుల మనిషే. ఇంగ్లండ్‌లో వాళ్ల ప్రార్థనాలయాలు ఇప్పుడు రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో కనిపిస్తున్నాయి. గొప్ప కట్టడాలనిపించిన 350కి పైగా చర్చిలను ఒక ట్రస్టు కాపాడుతోంది. మిగిలినవాటిలో ఒకటి మనవాడి కంట పడుతుంది.

రిటైరైన మనిషి. స్వెట్టర్ మీద స్వెట్టర్. వచ్చిన ప్రతివాడికీ ఇల్లంతా చూపిస్తాడు, అడక్కపోయినా. మధ్య హాలును ‘నేవ్’ అంటాడు. ఆయన భార్య ‘ఆ షెడ్డు’ అంటుంది. బలిపీఠం ఉన్నచోట ఫ్రిజ్ పెట్టాడు. పొద్దున్నే వానొస్తోందో లేదో చూద్దామని కిటికీ దగ్గరికెళ్తే రంగుటద్దంలో గొర్రెపిల్లను ఎత్తుకున్న పునీతుడు కనిపిస్తాడు, వాన కనిపించదు.

ఇంకో కిటికీ కొట్టించుకోవచ్చుగా? కుదరదు. వారసత్వ కట్టడం. పడకగదికి అటక వేసుకోవచ్చు, కానీ రేపెప్పుడైనా ఆనవాలు మిగలకుండా ఊడదీసేలా వేయాలంటాడు అధికారి. ఇల్లు ఈయనది, తీర్పు ఆయనది.

‘తోట’ అని ఆయన పిలిచేది శ్మశానాన్ని. గులాబీ నాటుదామన్నా గడ్డపార లోతుగా దించే ధైర్యం లేదు. సమాధులు చూసుకునే హక్కు మాత్రం సాధారణంగా బంధువులకే ఉంటుంది. ఆయన టవల్ చుట్టుకుని బ్రెడ్డు కాల్చుకుంటుంటే పూలు పట్టుకుని ఓ ముసలమ్మ గేటు తీసుకుని వస్తుంది. ఆయనే తప్పుకుంటాడు.

అన్నిటికన్నా పాత కాపురం గబ్బిలాలది. 1981 చట్టం వాటి పక్షం. అవి ఉండే చోటు చెడగొడితే నేరం, ఆఖరికి అవి లేని సమయంలోనైనా సరే. అప్పులు, చలి, రెట్టలు అన్నీ ఏకరువు పెట్టాక ఆయన చెప్పే శుభవార్త ఒక్కటే: ఇల్లు కాని కట్టడాన్ని ఇల్లుగా మార్చే పనికి 20 శాతం వ్యాట్ బదులు 5 శాతమే.

లండన్‌లో ఉన్న మీ పిల్లలెవరికైనా ఈ ఉబలాటం పుడితే ముందు గబ్బిలాల సర్వే చేయించమనండి. ఎగిరే గబ్బిలాలను లెక్కపెట్టే ఆ పని ఎండాకాలంలోనే చేస్తారు, చలికాలంలో కొన్నవాడు మే నెల దాకా ఆగాల్సిందే.