జాగా మామ

మా వల్లూరు పక్క ప్రతి ఊళ్లోనూ ఒక మనిషి ఉంటాడు. పెండ్లిచూపులకు పోతే పిల్లను అందరూ చూస్తారు, ఆయన మాత్రం ఆ ఇంటి వాకిలి ఏ దిక్కుకుందో చూసి "ఊఁ" అని మూలుగుతాడు. బోరు వేసేటప్పుడు అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగేది ఆయనే. కార్తీకంలో వనభోజనాలకు ఏ ఉసిరిచెట్టో తేల్చేదీ ఆయనే. ఆయన తేల్చేలోపు పులిహోర పులిసిపోవడం కూడా ఆచారంలో భాగమే. ఈ మనిషిని జాగా మామ అంటారు. మేనమామే కానక్కర్లేదు.

ఈ జాతిలో ఈమధ్య ఒక కొత్త రకం పుట్టింది. డ్యాముల గట్టున బండి నిలబెట్టి, వండుకుని, రాత్రికి పండుకోవడానికి జాగా వెతికే రకం. మా ఇంట్లో ఉండేది ఆ రకం. ఈయన నాకు నిజంగానే మేనమామ.

మామ లెక్కల అయ్యవారుగా రిటైరైనాడు. ఆ తర్వాత కొడుకును చూసేదానికని డల్లాస్ పోయి ఆరునెల్లు ఉండి వచ్చినాడు. పోయినోళ్లంతా అద్దాల మేడలు చూసొస్తే మామ చూసొచ్చింది లేక్ టెక్సోమా. కొడుకు ఆర్వీ అనే ఇల్లులాంటి బండిని బాడుగకు తీసుకుని అక్కడికి తీసుకుపోయినాడంట. రెడ్ రివర్‌కు అడ్డంగా 1944లో డెనిసన్ డ్యామ్ కట్టి ముగిస్తే నిలిచిన నీళ్లు అవి. అంటే అదీ మన మైలవరం మాదిరి డ్యామేగానీ దేవుడిచ్చిన చెరువు కాదు. ఈ ముక్క మామ ఎవరికీ చెప్పడు. కొడుకు చెప్పినాడు.

మామ మనసు దోచింది నీళ్లు కాదు, అక్కడి ఏర్పాట్లు. ఒక్కో బండికి ఒక్కో నంబరు సైటు. సైటు పొడుగెంత, నీడుందా, ఎగుడుదిగుడెంత అనేదంతా ముందే నెట్‌లో రాసిపెట్టి ఉంటుంది. ఆరునెల్ల ముందు బుక్ చేసుకోవాలి. స్తంభానికి ముప్పై ఆంపుల ప్లగ్గొకటి, యాభై ఆంపుల ప్లగ్గొకటి, పక్కనే కొళాయి. బండి కింద మూడు ట్యాంకులు: మంచినీళ్లకొకటి, గిన్నెలు కడిగిన నీళ్లకొకటి, మూడోదాని గురించి అన్నం తినేటప్పుడు మాట్లాడకూడదు (మామ అన్నం తినేటప్పుడే మాట్లాడతాడు). రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా గట్టిగా దగ్గకూడదు. "క్రమశిక్షణ అల్లుడా, క్రమశిక్షణ!" అని మామ కండ్లు మూసుకునేవాడు. ముప్పై ఐదేండ్లు తొమ్మిదో తరగతిని గమ్మునుంచలేకపోయిన మనిషికి అంతమంది ఒక్కసారిగా గమ్మునుండే చోటు స్వర్గంలాగే ఉంటుంది మరి.

వచ్చీ రాగానే ఒక బడి అమ్మేసిన పాత మినీ బస్సు కొన్నాడు. సీట్లు పీకించి రెండు మంచాలు వేయించినాడు. పైన సింటెక్స్ ట్యాంకు, వెనక గ్యాసు పొయ్యి, కిటికీలకు అత్త పాత చీరల పరదాలు. రంగు మాత్రం మార్చలా, పసుపే. వెనకాల "బడిపిల్లలున్నారు జాగ్రత్త" అన్న అక్షరాలు అట్లనే ఉన్నాయి. ఇట్ల మార్చినదానికి కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని మామను అడగకూడదు. నేనొకసారి అడిగితే "2021లో కేరళ ప్రభుత్వమే కేరవాన్ పథకం పెట్టింది తెలుసునా?" అన్నాడు. నేనడిగింది కేరళ సంగతి కాదు.

బండికంటే ముఖ్యం ఒక నోటు పుస్తకం, ఒక రసమట్టం. మేస్త్రీలు గోడ వంకర చూసేదానికి పెడతారే, గాజుగొట్టంలో బుడగ ఉండేది, అదే. ఆర్వీలో ఫ్రిజ్ సరిగ్గా పనిచేయాలంటే బండి సమమట్టంగా నిలబడాలని డల్లాస్‌లో ఎవరో చెప్పినారంట. మామ బస్సులో ఫ్రిజ్ లేదు, కుండ ఉంది. అయినా రసమట్టం ఉండాల్సిందే. పుస్తకంలో ఆరు గళ్లు: నీడ, మట్టం, గాలి, నీళ్లు, కరెంటు, సిగ్నలు. నూటికి మార్కులు, పాసుకు ముప్పై ఐదు. మామ కింద చదువుకున్నోళ్లకు తెలుసు, ఆ ముప్పై ఐదు ఎంత దూరమో.

మొదటి పరీక్షకు గండికోట కూర్చుంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న నిలువునా చీల్చుకుపోయిన ఆ లోయ ముందర నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. మామకు పడిపోలా. శనివారం కావడంతో బెంగళూరు పిల్లకాయలు కార్లేసుకుని వచ్చి లోయ అంచున డేరాలు వేస్తాండారు. మామ పోయి బండమీద రసమట్టం పెట్టినాడు. బుడగ ఒక మూలకు పరిగెత్తింది. "చూడండి నాయనా, ఈడ మేకు దిగదు, వాలు నీళ్ల పక్క ఉంది, గాలి పడమటి నుంచి..." అని పాఠం మొదలుపెట్టినాడు. పిల్లకాయలు మర్యాదగా విన్నారు. మామ వద్దన్న జాగాలోనే డేరా వేసుకుని, మేకుల బదులు రాళ్లు పెట్టుకుని, తెల్లారిందాకా హాయిగా నిద్రపోయినారు. మామ రాత్రంతా జుమ్మా మసీదు పక్కకు ఒకసారి, ధాన్యాగారం పక్కకు ఒకసారి బస్సు మార్చి నిలబెడతానే ఉన్నాడు. తెల్లారి కోతులొచ్చి అత్త చేసిన ఓళిగల డబ్బా ఎత్తుకుపోయినాయి. పుస్తకంలో ఏడో గడి అప్పుడు పుట్టింది: కోతులు.

గండికోటకు ముప్పై ఒకటి. నాలుగు మార్కుల్లో పోయింది. ఆ తర్వాత 2024లో కేంద్రం గండికోటను బాగుచేసేదానికి రూ.77.91 కోట్లు మంజూరు చేసిందని పేపర్లో వస్తే మామ చదివి అడిగింది ఒకటే మాట. "దాంట్లో చదును చేసేదానికి ఎంత?"

తర్వాత పులివెందుల పక్క పోయినాడు. పార్నపల్లె కాడ చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పది టీఎంసీల నీళ్లు. సాయంత్రం పొద్దు నీళ్లమీద పడి నేరుగా కండ్లల్లో కొట్టిందని నీడ గడిలో సున్నా. సింహాద్రిపురం మండలంలో పైడిపాళెం, ఆరు టీఎంసీలు, కట్టమీద అంతా రాళ్లే. "నీడంటే కరెంటు స్తంభం నీడొకటి. అదీ మధ్యాన్నానికి స్తంభం కిందికే పోయి పండుకుంటాది." బ్రహ్మంసాగరం కాడ మామ ఫోనుకు సిగ్నలు రాలా. బడిబస్సులో కాపురం ఉండే కాలం ఒకటొస్తుందని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పినారో లేదో నాకు తెలియదుగానీ, అత్త మాత్రం అడుగడుగునా చెప్పింది.

ఒక్కచోట మాత్రం మామ మార్కులు వేయలా. గండికోట రిజర్వాయరు వెనక నీళ్ల పక్క, కొండాపురం దిక్కు. చదునైన నేల, పెద్ద వేపచెట్టు, నీళ్లమీంచి సల్లటి గాలి. బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది. మామ పెన్ను తీసినాడు. చెట్టుకింద కూర్చోనుండే ముసలాయన "ఏం కొలస్తాండావప్పా?" అన్నాడు. మామ చెప్పినాడు. ఆయన నీళ్లలోకి చెయ్యి చాపి, "మా ఇల్లు అంతకంటే చదునుగా ఉండె. ఆడ, ఆ కొంగ వాలిందే, ఆ పక్క" అన్నాడు. 2020లో నీళ్లు నిలబెట్టేదానికి ఖాళీ చేయించిన తాళ్ళప్రొద్దుటూరు వాడంట. మామ పుస్తకం మూసి బీడీ ఇచ్చినాడు. మామ బీడీ తాగడు, ఎవరికైనా ఇచ్చేదానికి జేబులో పెట్టుకుంటాడు. దారిలో ఇద్దరం మాట్లాడుకోలా.

ఇంట్లో జేజి ఉంది, మామ తల్లి. ఎనభై దాటినాయి. మామ పుస్తకం తీసినప్పుడల్లా ఆమె గూడుబండి కథ తీస్తుంది. శ్రావణమాసం శనివారాలకు గండి ఆంజనేయస్వామి కాడికి బండి కట్టుకుని పోయేటోళ్లంట. పాపఘ్ని ఇసుకలో రాత్రి నిద్ర. బండిలో పరుపు, వెనక చిప్పల మూట, కింద ఊగులాడే లాంతరు, ఇరుసుకు కట్టిన నీళ్లకుండ.

"జాగా ఎవురు చూసేటోళ్లు జేజీ?"

"ఎద్దు."

"ఎద్దా?"

"యాడ నీడుంటే ఆడ నిలబడ్తాది. యాడ నీళ్ల వాసనొస్తే ఆడ కాలు దువ్వుతాది. కాడి దించేదే మన పని. మీ మామకు జీతమిచ్చి సదువు సెప్పించుకున్న్యారు గానీ, మా ఎర్రెద్దును పంపించింటే పిల్లోళ్లు బాగుపడేటోళ్లు."

మామ ఈ మాటకు నొచ్చుకోడు. పదమూడో శతాబ్దంలో కాయస్థ అంబదేవుడు మన వల్లూరినే రాజధానిగా పెట్టుకున్నాడంటే ఎంత చూసి పెట్టుకుని ఉంటాడో అని చరిత్రలోకి దూరతాడు. పక్కన పెన్న, పుష్పగిరి, అంతా లెక్కేసుకున్న మనిషంట. జేజి దానికీ జవాబు పెట్టుకుంది. ఆయన కాడ ఎద్దులెక్కువ ఉండింటాయి.

ప్రొద్దుటూరోళ్లు పొద్దున లేస్తానే బంగారం ధర చూసినట్ల మామ పేపర్లో టీఎంసీలు చూస్తాడు. అట్ల చూసి చూసి, వానలు నిలిచినాక, నవంబరు ఆఖరున మైలవరం డ్యాము కాడికి పోయి జాగా పట్టినాడు. నేనూ ఉన్నా. నీళ్ల అంచుకు పదడుగుల్లో మూడు తుమ్మచెట్లు, వాటి మధ్య బస్సుకు తగిన చదును. బుడగ కదల్లా. గాలి మెల్లగా వస్తాంది. సిగ్నలు నాలుగు గీతలు. కోతుల జాడ లేదు. కరెంటు లేకపోయినా గ్రేసు మార్కులు కలిపినాడు. తొంభై ఒకటి! మామ జీవితంలో ఎవరికీ అన్ని మార్కులు వేయలేదు, సొంత కొడుక్కి కూడా. ఒక గుండు తెచ్చి నిలబెట్టి, సున్నంతో "సైటు నంబరు 1" అని రాసినాడు. ఆ ఫోటో, లొకేషనూ డల్లాస్‌కు పంపించినాడు. "సెలవులకొస్తారు గదా, బుక్ అయిపోయింది" అని రాసినాడు.

అక్కడి బళ్లకు సెలవులిచ్చేది మే ఆఖరుకు. నవంబరుకూ మేకూ సరిగ్గా ఆరునెల్లు. టెక్సోమా పద్ధతే.

కొడుకు వాళ్లు డల్లాస్ నుంచి వచ్చినాక ఒక సాయంత్రం పసుపు బస్సులో పదకొండుమందిమి పోయినాం. మే నెల మా పక్క ఎట్లుంటుందో తెలిసినోళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనోళ్లకు చెప్పినా నమ్మరు. గుండు ఉన్నచోటనే ఉంది. సున్నం కూడా చెదరలా. మూడు తుమ్మచెట్లూ ఉన్నాయి. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యనే నిలబడింది. నీళ్లు మాత్రం లేవు. కనుచూపుమేర నెర్రెలిచ్చిన రేగడి, దానిమీద గొర్రెలమంద, ఎక్కడో చివరాఖరున అద్దం ముక్క మాదిరి ఒక తెల్లటి గీత.

"తాతా, లేక్ ఏదీ?" అన్నాడు మనవడు.

మామ పుస్తకం తీసి చూసుకున్నాడు. నీళ్ల గడిలో పదికి పది. కింద తేదీ కూడా ఉంది.

గొర్రెలకాపరి బస్సు కాడికొచ్చి, వెనక అక్షరాలు కూడబలుక్కుని చదివి, లోపల మా అందరినీ ఒకసారి చూసి, "ఏం సార్, దారి తప్పినారా? బడి ఆ పక్కుంది" అన్నాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు వచ్చే నవ్వు ఆపుకోలేక టైరు చూసేదానికి వంగినాడు.

"నీళ్లెప్పుడొస్తాయి?" అన్నాడు మామ.

"పైన వదిల్తే వస్తాయి సార్. పోయిన్నెల ఆ చెట్టుకాడ ఉండె. అంతకుముందు నెల ఈడ. మీరు నిలబడిండే కాడ మోకాల్లోతు నీళ్లుంటాయి వానలు పడితే."

ఇద్దరం తలూపినాం. మామ గాజుగొట్టం తుడుచుకుని, "పదండి, నీళ్ల కాడికే పోదాం" అన్నాడు. బస్సు నాలుగు బారలు పోయిందో లేదో ముందు చక్రం నెర్రెలో దిగబడింది. ట్రాక్టరు తెచ్చేదానికి గొర్రెలకాపరి కొడుకు పోయినాడు. అప్పటిదాకా చేసేదేముంది? తుమ్మచెట్ల కింద పట్ట పరిచినాం. జేజి గోడకు ఆనుకున్నట్ల గుండుకు, అంటే సైటు నంబరు 1కి, ఆనుకుని కాళ్లు చాపుకుంది. అత్త సంగటి గిన్నె మూత తీసింది. కోడిపులుసు వాసనకు గొర్రెలకాపరి కుక్క కూడా వచ్చి మర్యాదగా కూర్చుంది. పొద్దు వాలింది. ఎక్కడిదో సల్లటి గాలి తిరిగింది.

మామ కూర్చోలా. రసమట్టం చంకలో పెట్టుకుని ఆ తెల్లగీత పక్కకు నడిచిపోతాండాడు. పదడుగులకొకసారి వంగుతాడు, బుడగ చూస్తాడు, లేస్తాడు. చూస్తుండగానే మనిషి చిన్నదైపోయినాడు.

"అబ్బీ, సంగటి సల్లారిపోతాది!" అని జేజి కేకేసింది.

గాలికి అటు పక్కనుంచి మాట తునకలుగా వచ్చింది. "ఈడ... లెవెలు... బాగుంది!" మేం చేతులు కడుక్కునేలోపు ఇంకో తునక. "కాదు కాదు... ఇంకొంచెం ముందుకు!"

జేజి సంగటి ముద్దను రెండు చేసి, పెద్దదాని నడుమ గుంట చేసి పులుసు పోసి, పైన మూత పెట్టింది.