రింగులక్క

లాలాగూడ నుంచి తార్నాక దాకా, అక్కణ్నుంచి ఉస్మానియా క్యాంపస్ లోపలికి నడిచే దారిలో ఎక్కడో ఒకచోట రింగులక్క మీకు తగిలి తీరుతుంది. ఆమె అసలు పేరు ఏదైనా కావచ్చు. చేసేది పీహెచ్‌డీ కావచ్చు, గ్రూప్స్ కోచింగ్ కావచ్చు, బ్యాంకు ఉద్యోగం కావచ్చు. గుర్తు మాత్రం ఒక్కటే: ఎదురుపడ్డ మనిషి మొహం కంటే ముందు ఆమె చూపు నెత్తి మీద పడుతుంది.

"బాగున్నవా అక్కా?" అంటే, "నేను మంచిగనే ఉన్న. నీ కొసలే మంచిగ లేవు" అంటుంది.

రింగులక్క పుట్టుకతో రింగుల జుట్టుదే గానీ, పుట్టుకతో రింగులక్క కాదు. బడికెళ్లే రోజుల్లో నానమ్మ ఆమెను మోకాళ్ల మధ్య ఇరికించుకొని, అరచేతి నిండా కొబ్బరినూనె పట్టించి, సన్నపళ్ల దువ్వెనతో మాడు నుంచి కిందికి లాగి, రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టేది. బళ్లో పిల్లలు ఆమెను 'సాయిబాబా' అనీ 'నూడుల్స్' అనీ పిలిచేవాళ్లు. ఇంటర్లో ఫేర్‌వెల్ పార్టీకి జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకొని వెళ్లింది. ఇంటికి తిరిగొచ్చేలోపు మెట్టుగూడ దగ్గర వాన పట్టుకుంది, గడప తొక్కేసరికి రింగులన్నీ ఎక్కడివక్కడ హాజరు. ఆ తర్వాత ఒక రాత్రి ఫోన్లో రింగుల జుట్టు మీద ఏదో వీడియో చూసింది. తెల్లారేసరికి మతం మారింది.

ఈ మతంలో మొదటి సంస్కారం నంబరు తెలుసుకోవడం. అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు దిద్దిన ఆండ్రే వాకర్ 1990లలో జుట్టును నాలుగు రకాలుగా విభజించాడు. ఒకటి అంటే తిన్ననిది, రెండు అలలది, మూడు రింగులది, నాలుగు బిగుతు చుట్లది. వాటిలో మళ్లీ ఏ, బీ, సీలు. రింగులక్కకు మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి. "ఎవరు, ఆ టూ-సీ పిల్లనా? దాని పెళ్లి కుదిరిందంటనే?" అంటుంది. ఒకనాడు ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు కింద గ్రూప్స్‌కు చదువుకుంటున్న కుర్రాణ్ని ఆపి, తల అటూ ఇటూ తిప్పి, "నువ్వు త్రీ-బీ" అని తేల్చేసింది. వాడు పుస్తకం మూసి లేచి నిలబడ్డాడు.

"సర్టిఫికెట్ మీసేవల ఇస్తరా అక్కా?"

ఆమె చెప్పే శాస్త్రంలో తప్పు పట్టడానికి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు, అదే ఇంట్లోవాళ్ల బాధ. నెత్తి చర్మంలో ఊరే నూనె తిన్నటి వెంట్రుక మీద సులువుగా కొసదాకా దిగుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద దిగలేక మొదట్లోనే ఆగిపోతుంది. పైగా మెలిక ఉన్నచోట వెంట్రుక పైపొర కాస్త లేచి ఉంటుంది, అక్కడ తేమ త్వరగా పోతుంది, అక్కడే తెగుతుంది. అందుకే మాడు జిడ్డుగా, కొసలు గడ్డిగా ఉంటాయి. "జుట్టు మొండిది కాదు, దాహంతో ఉన్నది" అని ఆమె నిర్ధారణ. నీళ్లు పట్టించాలి, పట్టించిన నీళ్లు పోకుండా ఆపాలి. మతం సారాంశం ఇంతే. మిగిలింది పూజావిధానం.

ఆ పూజ ఆదివారం జరుగుతుంది. నాన్న లాలాగూడ రైల్వే క్యారేజ్ వర్క్‌షాపులో చేసి రిటైరయినవాడు. బాత్రూం బయట బకెట్టుతో నిలబడి ఆయన వేసే ప్రశ్న వాడలో అందరికీ కంఠతా వచ్చు: "బోగీ ఓవర్‌హాలింగ్‌కొస్తే విప్పి, కడిగి, రంగేసి పట్టాల మీదికి పంపేటోళ్లం. నీ నెత్తి షెడ్డుల నుంచి ఎప్పుడొస్తదమ్మా?"

రాదు, ఎందుకంటే పని చాలా ఉంది. తలంటుకు గంట ముందు కొబ్బరినూనె. షాంపూ మాడుకే, పొడుగునా కాదు. పొడవుకు కండిషనర్ పట్టించి, అది ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. పొడి జుట్టులో దువ్వెన పెట్టేవాళ్లను రింగులక్క నేరస్తుల జాబితాలో రాసుకుంటుంది. కడిగాక తువ్వాలుతో రుద్దరాదు, మెత్తటి నూలు బట్టతో అద్దాలి. ఇందుకు ఆమె ఎంచుకున్నది ఎన్నికలప్పుడు ఇంటింటికీ పంచిన టీషర్టు. ఏ పార్టీదో చెప్పదు. "హామీ ఒక్కటన్న నెరవేరింది" అని మాత్రం అంటుంది.

తర్వాత జెల్. రెండు చెంచాల అవిసె గింజలు నీళ్లలో మరిగించి, జిగురు రాగానే వేడిమీదే పల్చటి బట్టలో వడకట్టాలి. చల్లారితే వడకట్టలేరు. తడి జుట్టుకు దాన్ని పట్టించి, రింగులను కింది నుంచి పైకి పిడికిట్లో నలిపి, ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆరాక పైన గట్టిపడ్డ పొరను అరచేతిలో చుక్క నూనె వేసుకొని నలిపితే జుట్టు మెత్తబడుతుంది. మిగిలిన జెల్ ఫ్రిజ్‌లో దోశపిండి పక్కన వారం లోపు ఉండొచ్చు. తమ్ముడు ఒకసారి దాన్ని సబ్జా షర్బత్ అనుకొని గ్లాసులో పోసుకొని తాగేశాడు. "నెత్తికి పెట్టుకుంటే ఇంక మంచిగుండేది" అని ఆమె బాధపడింది.

అమ్మతో తగాదా నీళ్ల దగ్గర. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి వెంట్రుక మీద పేరుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది. కనుక నల్లా నీళ్లు తలకు, బోరు నీళ్లు తక్కిన సంసారానికి అని ఆమె తీర్మానం. "పప్పు గూడ నల్లా నీళ్లల్లనే ఉడుకుతదే" అని అమ్మ వాదన. చివరికి పప్పు గెలిచింది. రింగులక్కకు ఆఖరి చెంబుడు మాత్రం నల్లా నీళ్లు మంజూరయ్యాయి.

ఇక వాతావరణం. బేగంపేట వాతావరణ కేంద్రం చెప్పే వానల సంగతి ఆమెకు పట్టదు, గాలిలో తేమ శాతం కావాలి. జుట్టుకు పట్టించే గ్లిజరిన్ వానాకాలంలో స్నేహితుడు, మే నెలలో శత్రువు. గాలి ఎండిపోయి ఉన్నప్పుడు అది వెంట్రుకలోని తేమనే లాగేస్తుంది. చుట్టాలింట పెళ్లి మే నెలలో పెడితే, "ముహూర్తం పెట్టిన పంతులు తేమ చూసుకోలేదా?" అని అడిగింది.

ఇన్ని తెలిసిన మనిషికి గురువు దొరకడు అనుకుంటాం. హబ్సిగూడలో గది అద్దెకు తీసుకొని ఉస్మానియాలో చదువుతున్న ఆఫ్రికా అమ్మాయిలు దొరికారు. నేర్పడానికి వెళ్లిన రింగులక్క నేల మీద కూర్చొని విని వచ్చింది. వాళ్ల ముందు ఆమె జుట్టు సులువైన పేపరు. బిగుతు చుట్ల జుట్టుకు దువ్వెన కంటే ముందు వేళ్లే, అదీ పాయలు పాయలుగా. ముందు నీళ్లు, ఆపైన నూనె, దాని మీద క్రీము. కొసలు దాచి వదులుగా జడలల్లుకోవడం, రాత్రి సాటిన్ టోపీ. బిగించి అల్లితే నుదుటి దగ్గర జుట్టు శాశ్వతంగా పోవచ్చు. "మా నానమ్మకు ఈ ముక్క ఎవరన్న జెప్పి ఉంటే!" అని రింగులక్క నుదురు తడుముకుంది. ఆ జుట్టు ఈ ఊరికి కొత్తది కూడా కాదు. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ పేరే ఏసీ గార్డ్స్ అనే పేటకు మిగిలింది, ఆ సిద్దీల వారసులు ఇవాళ్టికీ అక్కడున్నారు.

నానమ్మను ఆమె పూర్తిగా కొట్టిపారేయలేకపోయింది. 2003లో ముంబయి పరిశోధకులు రేలే, మోహిలే కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పక్కపక్కన పరీక్షిస్తే, తలంటుకు ముందో తర్వాతో రాసినప్పుడు వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనే. ఈ సంగతి చదివి వినిపిస్తే నానమ్మ, "నేను జెప్తే ఇనలే, బొంబాయోళ్లు జెప్తే ఇన్నవ్" అంది. నూనెలో నానమ్మ పాస్, దువ్వెనలో ఫెయిల్. కుంకుడుకాయకు సగం మార్కులు: మురికి వదిలిస్తుంది, పొడి జుట్టును ఇంకా పొడిబారుస్తుంది. దాని వెనక మందారాకు జిగురో గంజో పడితే మిగతా సగమూ ఇవ్వొచ్చు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆమె సీసాల మధ్య బాత్రూం గట్టు మీద సబ్బుకు చోటు లేదు. షాంపూల్లో ఉండే సల్ఫేట్ అన్న మాట వింటే చెవులు మూసుకుంటుంది, కానీ నెలకోసారి తలుపు గడియపెట్టి తమ్ముడి మామూలు షాంపూతో శుభ్రంగా రుద్దుకుంటుంది. పేరుకున్న జెల్లూ నూనే వదలాలంటే అది తప్పదు. బయటికొచ్చి దానికి 'క్లారిఫైయింగ్' అని పేరు పెడుతుంది.

అయినా ఆమె పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి రింగులు కాల్చబోయిన బ్యూటీషియన్ చెయ్యి పట్టుకొని ఆపింది ఆమే. కెరటిన్ ట్రీట్‌మెంట్ అని అమ్మే మందుల్లో చాలావాటి నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుందని వాడంతా తిరిగి చెప్పిందీ ఆమే. ఆమె ఉన్న వాడలో బడిపిల్లలెవరూ తమ నెత్తిని చూసి సిగ్గుపడటం లేదు.

కాబట్టి రింగులక్క ఎదురైతే పారిపోకండి. చిక్కు తడిలోనే తీయండి, తువ్వాలుతో రుద్దకండి, తడి ఆరకముందే జెల్లో నూనో పట్టించండి. ఈ మూడూ వినండి, ఆమె ఇచ్చే సీసాల జాబితా మాత్రం జేబులోనే ఉంచండి. జుట్టు కుచ్చులుగా రాలుతున్నా, మాడు మీద మచ్చలుగా ఖాళీ పడుతున్నా ఆమె దగ్గరికి కాదు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఇస్త్రీపెట్టెను బట్టలకే వాడండి.