మార్గాత్ అని రాసి ఉండేది

నా మీద నీలం సిరాతో ‘మార్గాత్’ అని రాసి ఉండేది. ఇంగ్లీషులో కాదు, తెలుగులో. రాసినవాడు సూళగిరిలో తెలుగు బడికి పోయినవాడు. తర్వాత హోసూరులో లేతు మిషను పనికి కుదిరినా, ఏదైనా రాయాల్సి వస్తే అతని చేయి తెలుగులోకే పోయేది. ఖాళీగా పుట్టినదాన్ని నేను. నాకంటూ ఒక పేరు పెట్టింది అతనే.

నేను తొంభై నిమిషాల కేసెట్టుని. మా వంశం 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మొదటిసారి జనం కంట పడింది. తయారు చేసింది ఫిలిప్స్ కంపెనీ, ఆ పని నడిపించినవాడు లూ ఓటెన్స్ అనే డచ్చి ఇంజినీరు. నా కడుపులో ఉన్నది నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని సన్నని రిబ్బను. దాని మీద ఇనుప తుప్పులాంటి గోధుమరంగు పూత. పాటను పట్టుకునేది ఆ పూతే. రిబ్బను విప్పి పరిస్తే దాదాపు 135 మీటర్లు వస్తుంది. ఈ కొలత గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

1994లో ఒక శనివారం రాత్రి బెంగళూరులో, అతని స్నేహితుడి గదిలో నాకు ప్రాణం వచ్చింది. స్నేహితుడి దగ్గర రెండు సీడీలు ఉన్నాయి. నా ‘ఎ’ పక్కన ‘కర్స్‌డ్’ ఎక్కింది, ‘బి’ పక్కన ‘ఓడియం’. మొదటిది 1991లో వచ్చింది, రెండోది 1993లో. రెండూ మార్గాత్ అనే జర్మన్ బృందానివి. తెల్లవారి మొదటి బస్సులో అతని చొక్కా జేబులో సూళగిరికి వచ్చాను. దారి పొడుగునా అతను జేబు మీద అరచెయ్యి ఆనించే ఉన్నాడు.

ఆ బృందం పుట్టింది బెర్లిన్‌లాంటి మహానగరంలో కాదు. జర్మనీకి పడమట, సావర్లాండ్ కొండల్లో మెషెడే అని ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి కుర్రాళ్ళు మీసాలు సరిగా రాని వయసులో కూడి వాయించడం మొదలుపెట్టారు, 1987 నాటికి మార్గాత్ అన్న పేరు ఖాయం చేసుకున్నారు. అది టోల్కీన్ కథల్లోని చీకటి దొర పేరు. వీళ్ళు వాయించింది డెత్ మెటల్ అనే కరకు రాక్ సంగీతం. అప్పట్లో అదంటే అమెరికాలో ఫ్లోరిడా, ఐరోపాలో స్వీడన్ అనేవాళ్ళు. వీళ్ళు డార్ట్‌మండ్‌లో కొత్తగా పెట్టిన సెంచురీ మీడియా అనే రికార్డుల కంపెనీ ద్వారా 1989లో ఒక చిన్న రికార్డు, 1990లో ఇంకొకటి తెచ్చి, ‘కర్స్‌డ్’తో తమ ఊరి పేరు కూడా ఆ వరుసలో చేర్చారు. గిటారు తీగలను బాగా వదులు చేసి శ్రుతి కిందికి దించేవారు. పాడేవాడు మార్క్ గ్రేవే, గొంతుతో కాదు, పొట్టలోంచి గర్జించేవాడు. డ్రమ్ములవాడు రూడిగర్ హెన్నెకె రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కేవాడు. పాట నడక మాత్రం ఎప్పుడూ పరుగు కాదు. బరువెత్తుకుని ఎగువకు ఎక్కుతున్న మనిషి అడుగులా సాగుతుంది. ‘ఐసొలేటెడ్’ అనే పాట దగ్గర నా రిబ్బను కాస్త సాగి ఉండేది. అతను దాన్ని అన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

మా సూళగిరిది కూడా కొండ కింది బతుకే. త్రిశూలంలా మూడు మొనలు లేచిన కొండ, వరదరాజస్వామి గుడి, కింద హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్ద రోడ్డు. రోడ్డు పక్క వీధుల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసి తిరుగుతాయి. అతని తాత ఆ చుట్టుపక్కల పేరున్న పలకగాడు. కన్నడంవాళ్ళు తమటె అంటారు, తమిళంవాళ్ళు పరై అంటారు, మా ఇంట్లో మాత్రం పలకే. గుండ్రటి కట్టె చట్రానికి మేకతోలు బిగించి, మంట సెగ చూపించి, ఒక చేత చిర్ర, ఒక చేత చిటికెన పుల్ల పట్టుకుని వాయిస్తారు. జాతరకు వాయిస్తారు, పెళ్ళికి వాయిస్తారు. ఎక్కువగా పిలుపు వచ్చేది చావుకే.

ముసలాయన నన్ను మొదటిసారి విన్న సాయంత్రం నా బతుకులో పెద్దది. రాగిసంగటి తిని అరుగు మీద కూర్చున్నాడు. లోపల టేప్‌రికార్డరులో నేను తిరుగుతున్నాను.

“ఏమిరా ఇది, గొంతులో ముల్లు దిగినట్ల అరస్తా ఉండాడు?”

“సావు పాటలు తాతా. జర్మనీవోళ్ళవి.”

“మనము వాయించేదీ సావుకే కదరా.”

ఇంకేమీ అనలేదు. లేచి వచ్చి టేప్‌రికార్డరు మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. “ఈ వాయించేవోనికి నాలుగు చేతులా?” అని అడిగాడు. కాళ్ళతో కూడా తొక్కుతాడని మనవడు చెబితే, చూపించమన్నాడు. మనవడు మంచం మీద కూర్చుని రెండు మడమలూ నేలకేసి కొట్టి చూపించాడు. ముసలాయన ఆ దరువును నోటితో అందుకుని, రెండు వరసలు తిరిగేసరికి పలక తీసుకుని జత కలిపాడు. ఆ క్షణంలో మెషెడే ఎక్కడుందో, సూళగిరి ఎక్కడుందో నాకు తెలియలేదు.

‘కర్స్‌డ్’ అయిపోయాక నా ‘ఎ’ పక్కన కొన్ని నిమిషాల చోటు మిగిలి ఉంది. మనవడు ఎర్ర మీట నొక్కి, తాత వాయింపును అందులో పట్టాడు. వెనకాల మేక అరుపు, ఎవరో నీళ్ళు తోడుతున్న చప్పుడు, మధ్యలో తాత దగ్గు. అప్పటిదాకా నేను నకలును. ఆ నిమిషాలు మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నా వీపు మీది రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను మేకుతో విరగ్గొట్టి, ఇక నా మీద ఎవరూ వేరేది ఎక్కించకుండా చేశాడు. నా మీద ‘మార్గాత్’ కింద ‘తాత’ అని రాశాడు.

1996లో మార్గాత్ ఇంకొక ఆల్బం తెచ్చింది. డెత్ మెటల్ వదిలి వేరే దారి పట్టారని అభిమానులు చాలామంది కినుక వహించారు. 1998లో బృందం చెదిరిపోయింది. బెంగళూరులో క్రిప్టోస్ అనే మెటల్ బృందం పుట్టిన సంవత్సరం కూడా అదే. స్నేహితుడు వచ్చి చెబుతుంటే విన్నాను.

తాత పోయినప్పుడు పక్క ఊరి పలకల జట్టును పిలిపించారు. అతను అప్పటిదాకా నలుగురిలో పలక ముట్టలేదు. చావు పలక పట్టుకుంటే మనిషిని ఎక్కడ నిలబెడతారో హోసూరు వెళ్ళాక అతనికి బాగా తెలిసింది, అందుకే దూరంగా ఉండేవాడు. ఆ రోజు గోడకున్న తాత పలక దించుకుని, మంటకు కాచుకుని, పాడె ముందు నడిచాడు. నేను కిటికీలో ఉన్నాను. అతను వాయించింది నాలో ఉన్న హెన్నెకె నడకే. జట్టులో పెద్దాయన “ఇది ఏ ఊరి దరువు అబ్బోడా?” అని అడగడం విన్నాను. అడిగి, ఆ వెంటనే అందుకున్నాడు. వీధి చివరిదాకా అదే మోగింది. నా మీద వచ్చిన సంగీతం ఎంత దూరం పోయిందో అని ఎప్పుడు తలుచుకున్నా, నాకు ఆ వీధి చివరే గుర్తొస్తుంది.

తర్వాత సీడీలొచ్చాయి, సెల్లులొచ్చాయి. అతను పెళ్ళి చేసుకుని హోసూరుకు మారాడు. నేను ఊరి ఇంట్లోనే ఉండిపోయాను. దీనికి అతన్ని తప్పు పట్టను. నేను తప్పు పట్టేది ఆ ఇంటికి వచ్చిన ఒక బంధువును. జోడు కేసెట్ల టేప్‌రికార్డరు పట్టుకొచ్చి, నా వీపు మీది బెజ్జాల్లో కాగితం ఉండలు కూరి, ‘బి’ పక్కన సినిమా పాటలు ఎక్కించాడు. ‘ఓడియం’ సగానికి పైగా పోయింది. కేసెట్టుకు నొప్పి ఉండదనుకుంటారు. పాతదాన్ని చెరిపేసే తల ముందు నడుస్తుంది, కొత్తదాన్ని రాసే తల వెనక వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఇరుకు చోటులో నేను ఎవరినీ కాను. అరగంటసేపు అలా ఉన్నాను. నన్ను తిరగేసి ‘ఎ’ పక్క కూడా చెరుపుతాడేమోనని వణికాను. కరెంటు పోయింది. ఆ రోజు కరెంటు పోకపోయి ఉంటే తాత దగ్గు కూడా మిగిలేది కాదు.

అటక మీద, బిస్కెట్ల డబ్బాలో ఏళ్ళు గడిచాయి. రిబ్బను మీద తెల్లటి బూజు పట్టింది. లోకం సంగతులు కింద మాట్లాడుకునే మాటల్లోంచే అందేవి. 2010 ప్రాంతంలో మార్గాత్ మళ్ళీ కూడింది. 2012 జూన్‌లో బెంగళూరు ఓపెన్ ఎయిర్ మొదటిసారి జరిగితే, జర్మనీ నుంచి క్రియేటర్ బృందం వచ్చి వాయించింది. అతను వెళ్ళొచ్చి అమ్మకు చెబుతుంటే గొంతు బొంగురుపోయి ఉంది. 2015లో మార్గాత్ కొత్త గాయకుడితో ‘అన్‌గాడ్’ ఆల్బం తెచ్చింది. హైదరాబాదులో గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం మొదలైంది కూడా ఆ ఏడే. రెండు పేర్లలోనూ దేవుడు లేడు. 2023లో చిక్కబళ్ళాపురం జిల్లా తమటె కళాకారుడు మునివెంకటప్పకూ, 2025లో మదురై వైపు పరై కళాకారుడు వేలు ఆసాన్‌కూ పద్మశ్రీ ఇచ్చారు. తాత ఉంటే ఆ వార్త ఎన్నిసార్లు చదివించుకునేవాడో.

పోయిన పంటకు అటక దులిపారు. అతని తమ్ముడు నన్ను మడి గట్టుకు తీసుకుపోయి, రాయితో నా పెట్టెను పగలగొట్టాడు. ‘మార్గాత్’, ‘తాత’ అని రాసిన ముక్క కాలవలో పడి కొట్టుకుపోయింది. రిబ్బను లాగి, చేనుకు అడ్డంగా కట్టె నుంచి కట్టెకు కట్టాడు. రాగి కంకుల మీద వాలే పిట్టలను తోలడానికి ఇది పాత ఉపాయం. ఎండకు మెరుస్తుంది, గాలికి రొద పెడుతుంది. 135 మీటర్లు మూడు చాళ్ళకు సరిపోయింది.

మొన్న ఆదివారం అతను కూతురిని వెంటబెట్టుకుని చేనికి వచ్చాడు. జుట్టు నెరిసింది. గాలి ఎక్కువగా ఉంది, నేను గట్టిగా రొద పెడుతున్నాను. ఆ పిల్ల చెవులు మూసుకుంది. అతను మూసుకోలేదు. గట్టు మీద ఆగి, “ఇది ఏ టేపురా?” అని తమ్ముణ్ణి అడిగాడు.

“అటక మీద పాతవి ఉండె కదన్నా.”

అతను వంగి, మూడో చాలు దగ్గర రిబ్బనును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నా మీద ఏ రాతా లేదు. బూజు, దుమ్ము, గోధుమరంగు. అతని వేళ్ళ కింద ఉన్నది సినిమా పాట ఒక్కటే కాదు. తాత చిర్ర మొదటి దెబ్బ వేసిన చోటు.

“ఎందుకు నాయినా దాన్ని పట్టుకున్యావు?” అని పిల్ల అడిగింది.

అతను మాట్లాడలేదు. గాలి వచ్చినప్పుడల్లా నేను అతని వేళ్ళ మధ్య అదురుతూనే ఉన్నాను. కాసేపటికి అతని మడమ గట్టు మట్టి మీద కదలడం మొదలైంది.