పేపరు చదివేదెవరు?

మా రోజుల్లో డిగ్రీ రిజల్ట్స్ దినపత్రికలో పడేవి. ఫస్ట్ క్లాసు నంబర్లు ముందు, ఆ కింద సెకండ్, ఆ కింద థర్డ్. 60 శాతం దాటితే ఫస్ట్, 50 దాటితే సెకండ్. సంతకం రాని తండ్రికి కూడా ఆ లెక్క తెలిసేది. ఇప్పుడు మా మనవరాలు ఫోన్ చేసి "తాతా, నాకు 8.2 వచ్చింది" అంటే సంతోషమే గానీ, ఆ 8.2 ఎట్లా వచ్చిందో విప్పి చూడాలంటే కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోవాలి. పెట్టుకుని చూశాను. చూసినకొద్దీ కడుపు మండింది.

2015లో యూజీసీ ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ పేరిట దేశమంతటికీ పది పాయింట్ల కొలత ఇచ్చింది. ఓ అంటే 10, ఏ ప్లస్ అంటే 9, ఏ అంటే 8, అట్లా దిగుతూ ఎఫ్ దగ్గర సున్నా. ఎన్ని మార్కులకు ఏ అక్షరం ఇవ్వాలన్నది యూనివర్సిటీలకే వదిలింది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 90 నుంచి ఓ, 80 నుంచి ఏ ప్లస్, 70 నుంచి ఏ. ఇప్పుడు ముగ్గురు పిల్లల్ని తీసుకోండి. ఒకమ్మాయికి అన్ని సబ్జెక్టుల్లోనూ 70. ఇంకో అమ్మాయికి అన్నింట్లోనూ 79. ఒక అబ్బాయికి అన్నింట్లోనూ 80. అమ్మాయిలిద్దరి సీజీపీఏ ఒక్కటే, 8. అబ్బాయిది 9. తొమ్మిది మార్కుల కష్టం లెక్కలో లేకుండా పోయింది, ఒక్క మార్కు మాత్రం నిండు పాయింటై కూర్చుంది. ఉద్యోగం దగ్గర శాతం అడుగుతారు కదా, జేఎన్‌టీయూ సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించాలి. అంటే 70 తెచ్చుకున్న పిల్లకు 75 శాతం, 79 తెచ్చుకున్న పిల్లకూ 75 శాతం, 80 వచ్చినవాడికి 85. ఒకరికి రానివి ఇచ్చారు, ఇంకొకరికి వచ్చినవి గుంజుకున్నారు. ఇద్దరి సర్టిఫికెట్లూ చట్టబద్ధమే!

గ్రేడ్లను సమర్థించేవాళ్లు చెప్పే మాట నాకు తెలుసు. ఒకే పేపరుకు ఒక ఎగ్జామినర్ 58 వేస్తే ఇంకొకరు 62 వేస్తారు, కాబట్టి ఒకటి రెండు మార్కుల తేడాకు అర్థం లేదు, అందర్నీ ఒక గంపలో వేయడమే న్యాయం అంటారు. మొదటి సగం నిజం. కానీ గంపకు అంచు ఉంటుంది. 80 రావలసిన పిల్ల పేపరును కాస్త చేయి బిగించిన ఎగ్జామినర్ దిద్ది 79 వేస్తే, ఆ ఒక్క మార్కూ ఆమెను మెమోలో నిండు పాయింటు కిందికి దింపేస్తుంది. ఎగ్జామినర్ చేతి తేడా గ్రేడ్లతో పోలేదు, అంచు మీదున్న పిల్లల నెత్తిన పదింతలై పడింది. పదో తరగతిలో గ్రేడ్లు పెట్టిన మన రెండు రాష్ట్రాలూ కొన్నేళ్లు నడిపి చూసి మళ్లీ మార్కుల దగ్గరికే వచ్చాయి. తెలంగాణ 2024లో వచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, మా వైపు ములుగులో కొత్త యూనివర్సిటీ వచ్చింది. 2014 విభజన చట్టంలో రాసిన గిరిజన విశ్వవిద్యాలయం, 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేస్తే గానీ చేతికి రాలేదు. సమ్మక్క సారక్క పేరు పెట్టారు, 889 కోట్ల పైచిలుకు కేటాయించారు. సంతోషం. నేను బతుకంతా ఆ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పినవాణ్ని. ఏటూరునాగారం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చిన కోయ పిల్లలు నా ముందు బెంచీల్లో కూర్చున్నారు. అట్లాంటి పిల్లా, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో చదివిన పిల్లాడూ ఒకే గదిలో పరీక్ష రాసే చోట మార్కులు ఎట్లా వేస్తారన్నది చిన్న విషయం కాదు. కొత్త యూనివర్సిటీ ఏది పెట్టినా గ్రేడ్ల కమిటీ కూర్చుని అక్షరాలు ఎన్ని, పాయింట్లు ఎన్ని అని తర్జనభర్జన పడుతుంది. పేపరు ఎవరు చదువుతారు, ఎట్లా చదువుతారు అన్న మాట ఎజెండాలో చివరికి పోతుంది. నా బాధంతా అక్కడే.

మా రోజుల్లో స్పాట్ వాల్యుయేషన్ అంటే జాతరంత హడావుడి. పేపరు మీద హాల్ టికెట్ నంబరున్న ముక్క చింపేసి, రెండు ముక్కల మీదా ఒకే కోడ్ నంబరు వేసి, ఆ తర్వాతే బండిల్ మా ముందుకు వచ్చేది. ఏ ఊరి పిల్ల, ఏ కులం పిల్ల అన్నది మాకు తెలిసే దారి లేదు. పీజీ పేపర్లకు డబుల్ వాల్యుయేషన్. మొదట దిద్దినవాళ్లు పేపరు మీద ఒక్క గీత కూడా గీయకూడదు, మార్కులు విడిగా షీటులో వేయాలి. రెండోవాళ్లు ఏమీ తెలియకుండా మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఇద్దరి మధ్య తేడా ఎక్కువైతే మూడో మనిషికి పోయేది. డిగ్రీకి ఒక్కసారే దిద్దినా, చీఫ్ ఎగ్జామినర్ ప్రతి బండిల్లోంచి కొన్ని తీసి మళ్లీ చూసేవారు.

ఒక క్యాంపులో ఆల్డాల్ కండెన్సేషన్ మెకానిజం అడిగారు. పదిమార్కుల ప్రశ్న. ఒక పేపర్లో ఎనోలేట్ తయారవడం, అది ఇంకో అణువు కార్బొనైల్ మీద దాడి చేయడం, బాణాలతో సహా అంతా సరిగ్గా ఉంది. చివర నీటి అణువు పోయే మెట్టు లేదు. మా పక్క టేబుల్ దగ్గరి కుర్ర లెక్చరర్ మూడు వేశాడు, ఫైనల్ ప్రాడక్ట్ రాలేదు కదా అని. చీఫ్ ఆ పేపరు చేతిలోకి తీసుకుని అతని పక్కన కుర్చీ వేసుకున్నారు. ఒక్కో బాణం మీద వేలు పెట్టి "ఇది తప్పా? మరి ఇది?" అని అడిగారు. నాలుగో బాణానికి ఆ కుర్రాడే "ఏడు వేయాలి సార్" అన్నాడు. అంతటితో ఆగలేదు ఆయన. హాలంతా వినేటట్టు చెప్పి కీలో ఒక్కో మెట్టుకు మార్కులు విడగొట్టి రాయించారు. పొద్దున్నుంచి దిద్దిన బండిళ్లన్నీ విప్పించి ఆ ప్రశ్న మళ్లీ చూడమన్నారు. ఎవరో ముఖం తెలియని ఒక్క పిల్లాడి కోసం మొదలై, ఆ రోజు ఎంతమంది పిల్లలకు న్యాయం జరిగిందో! అట్లాంటి చీఫ్ లేని క్యాంపులో ఏ గ్రేడు పెట్టి ఏం లాభం?

ఇప్పుడు ఏడాదికి రెండు సెమిస్టర్లు, వాటికి సప్లీలు. ఒక బండిల్ ముగిసేలోపే ఇంకోటి వచ్చి పడుతుంది. పూటకు ఇన్ని పేపర్లని లెక్క, పేపరుకు ఇంతని డబ్బు. చదివితే లెక్క తప్పుతుంది, తిప్పితే లెక్క కుదురుతుంది. "అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులు" అని పిల్లలు బాహాటంగానే చెప్పుకుంటున్నారు, వాళ్లను తప్పు పట్టే ముఖం మనకు లేదు.

ఇక ఇంటర్నల్స్. జేఎన్‌టీయూలో వందకు 25 ఉండేవి, 2022 రెగ్యులేషన్స్‌లో 40 అయ్యాయి. ఏడాదికి ఒక్క పరీక్షే ఉన్న మా కాలంలో ఆ రోజు జ్వరమొస్తే ఏడాది పోయేది, అది అన్యాయమే, ఒప్పుకుంటాను. ఏడాది పొడవునా పిల్లల పనిని చూడడం మంచి ఆలోచనే. చేసేది ఏమిటి మరి? ఒక ప్రైవేటు కాలేజీలో, పేరు అనవసరం, ఒక క్లాసు ఇంటర్నల్స్ జాబితా నా చేతికి వచ్చింది. పేపరు తెల్లగా ఇచ్చే పిల్లలకూ 36, రాత్రింబగళ్లు చదివే పిల్లకూ 38. ఇంకోచోట ఇవే మార్కులు కొరడా. ఫీజు ఆలస్యమైనా, లెక్చరర్‌కు ఎదురు చెప్పినా కోత. దీనికి మందు కష్టమైనదేం కాదు. ప్రతి సబ్జెక్టులో క్లాసు ఇంటర్నల్ సగటు, బయట దిద్దిన పరీక్ష సగటు పక్కపక్కన నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇంటర్నల్స్ కోసం పెట్టే మిడ్ పరీక్షల పేపర్లు దాచి ఉంచాలి. రెండింటి మధ్య అగాధం కనిపిస్తే బయటివాళ్లు వచ్చి మిడ్ పేపర్లు దిద్దాలి. ఒక్క సెమిస్టర్ ఇట్లా చేస్తే చాలు, రెండో సెమిస్టర్‌కు మార్కులు వాటంతటవే దారికి వస్తాయి.

కొత్త చోట ఇంకో మోజు కూడా ఉంటుంది, రిలేటివ్ గ్రేడింగ్. ఐఐటీల్లో ఉందట కదా, మనమూ పెడదాం అంటారు. క్లాసులో ఇంతమందికే ఏ, ఇంతమందికి సీ అని ముందే గీసేసి పిల్లల్ని అందులో నింపడం. వందల మంది ఉన్న క్లాసులో, పేపరు మరీ కఠినంగా వచ్చిన ఏడు అది కొంత కాపాడుతుంది. కొత్త యూనివర్సిటీలో ఒక్కో కోర్సుకు కొద్దిమందే ఉంటారు. అక్కడ నా గ్రేడు నేను రాసినదాన్ని బట్టి రాదు, పక్కవాడు ఎంత తక్కువ రాశాడన్నదాన్ని బట్టి వస్తుంది. హాస్టల్లో నోట్స్ ఇచ్చిపుచ్చుకునే పిల్లల మధ్య ఇంతకంటే విషం ఉండదు. మా వైపు పిల్లలు చాలామంది ఆ అరువు నోట్స్ మీదే గట్టెక్కారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా, కోర్సు నేర్పదలచుకున్నది పిల్ల నేర్చిందా లేదా అన్నదాన్ని బట్టే గ్రేడు ఇవ్వాలని చెప్పింది. ఆ ఒక్క ముక్క నాకు నచ్చింది.

భాష సంగతి కూడా తేల్చాలి. 1968లో తెలుగు అకాడమీ పెట్టి డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చారు కాబట్టి మా విద్యార్థులు "విద్యుద్విశ్లేషణ" అని రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మోసుకుంటూ వచ్చిన పిల్ల ఎకనామిక్స్ పేపర్లో డిమాండు వక్రరేఖ సరిగ్గా గీసి, కింద వాక్యంలో క్రియ తప్పు రాస్తే మార్కు దేనికి పోవాలి? ఇంగ్లీషు పేపర్లో పోవాలి, ఎకనామిక్స్‌లో పోకూడదు. ఈ సంగతి కీలోనే రాసి పెట్టాలి. ఎగ్జామినర్ దయకు వదిలితే దయ ఉన్న బండిల్ పిల్లలే బాగుపడతారు.

అన్నింటికంటే ముందు పిల్లలకు దిద్దిన పేపరు చూపించాలి. మా రోజుల్లో అది లేదు. కోడ్ నంబర్ల వెనక పేపరు మాయమైతే మళ్లీ కనపడేది కాదు. 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు, సమాచార హక్కు చట్టం కింద దిద్దిన పేపరు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని తేల్చింది. ఇన్నేళ్లయినా పిల్లలు అర్జీ పెట్టాలి, ఫీజు కట్టాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇప్పుడు చాలాచోట్ల పేపర్లు స్కాన్ చేసి తెర మీదే దిద్దిస్తున్నారు కదా, ఆ స్కానే రిజల్ట్స్ రోజున పిల్ల ఫోన్‌లో ఎందుకు తెరుచుకోదు? ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు, కీ ఏమిటి, అన్నీ పక్కనే ఉండాలి. రీవాల్యుయేషన్‌లో మార్కులు పెరిగితే కట్టిన ఫీజు తిరిగివ్వాలి, తప్పు యూనివర్సిటీది కాబట్టి. మెమో మీద అక్షరం వేసుకుంటే వేసుకోండి, దాని పక్కన అసలు మార్కు కూడా అచ్చు వేయండి, 79 అని.

ములుగులో ఇవన్నీ యూనివర్సిటీ చిన్నగా ఉండగానే జరగాలి. ఇప్పుడైతే పిల్లలు కొద్దిమంది, బండిళ్లు కొన్నే, రెండుసార్లు చదివించడానికి మనుషులు సరిపోతారు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో పాత వర్సిటీల్లో చూస్తూనే ఉన్నాం. నాలుగేళ్లకొకసారి కొత్త రెగ్యులేషన్స్ వస్తాయి, అప్పటికే చేరిన పిల్లలు మాత్రం పాత లెక్కలోనే డిగ్రీ తీసుకుని పోతారు.