గోంగూర శాస్త్రీయ నామం

మా ఇంట్లో నన్ను ‘లాయరుగారు’ అని పిలిచేది మా ఆవిడ ఒక్కతే. అదీ, పులుసులో ఉప్పెక్కువైందని నేను వాదన మొదలుపెట్టిన రోజుల్లో. నిజానికి నేను లాయర్ని కాను. ఎప్పుడో విశాఖపట్నంలో ఒక ఏడాది లా చదివాను. రెండో ఏడాది ఫీజు కట్టాల్సిన వారంలోనే టీచరు ఉద్యోగం వచ్చింది. నేను అరకు కొండెక్కాను, నా లా చదువూ కొండెక్కింది. మిగిలింది అట్ట ఊడిన ఐపీసీ పుస్తకం ఒకటి, ఎవరూ అడక్కపోయినా సలహా చెప్పే జబ్బు ఒకటి.

జబ్బుకి తగ్గ రోగులూ దొరికారు. ఆదివారం పొద్దున్నే మా అరుగు మీద కోర్టు మొదలవుతుంది. ఫీజు లేదు, కాఫీ మాత్రం మా ఖర్చే.

‘మాస్టారూ, పొద్దున్న తాగిన జీలుగు కల్లు సాయంత్రం పోలీసోళ్లు ఊదించే మిషన్లో పడతాదా?’ అని అడుగుతాడు జీపు నడిపే కుర్రాడు. మిషన్ కులగోత్రాలు అడగదురా, నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే చూస్తుంది అంటాను. దొరికితే మొదటిసారికే ఆర్నెల్ల జైలో, పదివేల జరిమానానో, రెండూనో. పైగా ఇది రోడ్డు మీద డబ్బు కట్టేసి వదిలించుకునే బాపతు కాదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

‘మా పిల్లడికి పదహారేళ్లు, బండి బాగా తోల్తన్నాడు’ అని మురిసిపోతూ వస్తాడు ఇంకో తండ్రి. ఆ మురిపెం ఖరీదు పాతికవేలు, మూడేళ్ల దాకా జైలు, అదీ పిల్లాడికి కాదు నీకు అని చెప్తాను. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ఇదే చట్టం. ఆ తండ్రి కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు, తాళం దాచడానికి కాబోలు.

చలానా పడితే క్రిమినల్ కేసు ఉన్నట్టేనా, గవర్నమెంటు ఉద్యోగం రాదా అని భయపడేవాళ్లు ఎక్కువ. హెల్మెట్టు లాంటివి రాజీ చేసుకోదగ్గ నేరాలు, కట్టేస్తే అక్కడితో సరి, దాని మీద ఇంకో విచారణ ఉండదు అంటే ఊపిరి పీల్చుకుంటారు. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకి కబురు పెట్టాలి, దారి ప్రయాణం తీసేసి ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఎస్టీలకైతే ఆదాయంతో పని లేకుండా సర్కారే ఉచితంగా లాయర్ని పెట్టాలి. ఇది 1987 నాటి చట్టం. మన్యంలో ఇంటింటికీ తెలియాల్సిన మాట ఇదొక్కటే అని నా నమ్మకం. దీన్ని మాత్రం వెటకారం లేకుండా చెప్తాను.

అన్నిటికన్నా నేను ఇష్టంగా చెప్పే పాఠం ఇరవయ్యో అధికరణం, మూడో క్లాజు. నిందితుడు తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ‘నోరు మూసుకోవడం మన రాజ్యాంగ హక్కురా’ అని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. దీంతోనే నా కొంప మునిగింది.

మధ్యలో ఒక పిడుగు పడింది. 2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాతదాంట్లో 511 సెక్షన్లు, కొత్తదాంట్లో 358. అంటే 420 అనే సెక్షనే లేదు! మోసం 318లోకి వెళ్లింది. హత్య 103 అయింది. సినిమాల్లో జడ్జీలు గంభీరంగా చదివే 302 ఇప్పుడు ఒకరి మతభావాలు నొప్పించేలా మాట్లాడటం. ముప్ఫై ఏళ్లుగా నోటికి పట్టిన లెక్కలన్నీ రాత్రికి రాత్రే చెల్లని నోట్లయ్యాయి. ఆ వారం అన్నం సయించలేదు. ‘పోన్లెండి, ఇకనైనా కాస్త తక్కువ మాట్లాడతారు’ అంది మా ఆవిడ.

ఇక అసలు సంగతి. కార్తీకమాసం. వలిసెలు విరగబూసి లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. హైదరాబాదులో ఉంటున్న మా బావమరిది శృంగవరపుకోటలో వాళ్లింటికి వనభోజనాలకి వచ్చాడు. అక్క చేతి గోంగూర పచ్చడి తినక ఏడాదైందని ఫోన్లో గునిశాడు. పెరట్లో మా ఆవిడ వేసిన గోంగూర నడుమెత్తు ఎదిగి ఉంది. కోసి, కట్టలు కట్టి, తడిగుడ్డ చుట్టి, ఎరువుల సంచీలో కుక్కింది. స్కూటర్ మీద నా కాళ్ల మధ్య సంచీ, వెనక ఆవిడ. కొండ దిగాలి.

హెల్మెట్లు రెండున్నాయి మాకు. రెండూ ఐఎస్ఐ మార్కువే. కానీ ఆవిడదాంట్లో కోడి కూర్చుంది. వంటింటి మూల బోర్లా పడి ఉన్న హెల్మెట్టుని ఎవరు వెల్లకిలా తిప్పారో తెలీదు. లోపల మెత్తటి గుడ్డ, చుట్టూ గాలి తగలని గోడ. చలికాలం అరకులో అంతకన్నా మంచి ఇల్లు కోడికెక్కడ దొరుకుతుంది? పదకొండు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆ రోజుకి పదమూడో రోజు. పిల్లలు లేవడానికి ఇరవయ్యొక్క రోజులు. చెయ్యి పెడితే పొడుస్తోంది.

‘వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి, మోటారు వాహనాల చట్టం నూట ఇరవై తొమ్మిది’ అన్నాను.

‘అయితే కోడిని మీరే లేపండి లాయరుగారూ.’

లేపలేదు. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని ఎక్కింది. ఘాట్ రోడ్డులో ఎవరు పట్టుకుంటార్లే అనుకున్నాను. నాకు చట్టమైతే తెలుసు గానీ, ఆ కాలంలో గంజాయి కోసం కొండ దిగే ప్రతి బండినీ చూస్తారన్న లోకజ్ఞానం లేకపోయింది.

మలుపు తిరగ్గానే బారికేడ్లు. ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. చాలా మర్యాదస్తుడు. బండి కాగితాలు అడిగాడు. ఫోన్లో డిజిలాకర్ చూపించినా చెల్లుతుంది అని గర్వంగా ఫోను తీశాను. చెల్లుతుంది, కానీ అక్కడ సిగ్నల్ లేదు. ఫోను నెత్తిమీద పెట్టుకుని రోడ్డుకి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాను. గుండ్రం తిరుగుతూనే ఉంది. మా ఆవిడ చేతిసంచీ లోంచి ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు తీసి ఇచ్చింది.

‘సంచీలో ఏటుంది మాస్టారూ?’

సంచీ మూతిలోంచి ఆకులు బయటికి తొంగి చూస్తున్నాయి. ఐదు వేళ్లు చాపినట్టున్న ఆకులు. అతను ఒకటి తుంపి చూశాడు. ‘గోంగూరేనా?’ అన్నాడు. అవును అంటే అయిపోయేది. అతని చెయ్యి వెళ్లమన్నట్టు సగం లేచింది కూడా.

నేను ఊరుకున్నానా? ‘గోంగూరే. శాస్త్రీయ నామం హిబిస్కస్ కన్నాబినస్’ అన్నాను.

లేచిన చెయ్యి ఆగిపోయింది. ‘ఏటన్నారు? కన్నాబిసా?’

‘కన్నాబిస్ కాదు బాబూ, కన్నాబినస్. ఆకు అచ్చం గంజాయి ఆకులా ఉంటుందని వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు.’ (గోంగూరని కొందరు హిబిస్కస్ సబ్దరిఫా అంటారు. ఆ పేరు చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడేవాళ్లం. అది ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.)

అతను పై అధికారిని పిలిచాడు. మా ఆవిడ వీపు మీద గిల్లింది. గిల్లుడికి అర్థం ఇరవయ్యో అధికరణం, మూడో క్లాజు. కానీ నాకు పూనకం వచ్చేసింది. ‘సార్, ఒకవేళ ఇది గంజాయి ఆకే అనుకుందాం. 1985 చట్టం ప్రకారం గంజాయి అంటే పూతా కాయా ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకు దొరికితే అది గంజాయి కింద రాదు. ఉన్నా, కేజీ లోపు చిన్న మొత్తం, ఇరవై కేజీలు దాటితే గానీ వాణిజ్య మొత్తం కాదు’ అని గడగడా అప్పజెప్పాను.

ఇంత వివరంగా తెలిసినవాణ్ణి ఏ పోలీసు వదుల్తాడు చెప్పండి? నేనైనా వదలను. టార్పాలిన్ పరిచారు. సంచీ తిరగేశారు. నలభై కట్టలు ఒక్కొక్కటీ విప్పారు. స్కూటర్ సీటు ఎత్తారు. అందులో మా ఆవిడ పాత కళ్లజోడు దొరికింది, ఎక్కడ పారేశావని రెండు నెలలుగా నేను దెప్పిపొడుస్తున్నది. వెనకాల టూరిస్టు బస్సు ఆగింది. కిటికీల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి.

చివరికి ఆ అధికారి ఒక ఆకు నోట్లో వేసుకుని నమిలాడు. పులుపుకి ఒక కన్ను మూతపడింది. ‘గోంగూరే’ అని తీర్పు చెప్పాడు. అదే మా ఫోరెన్సిక్ రిపోర్టు. కానిస్టేబుల్ పాపం కట్టలన్నీ మళ్లీ సంచీలో సర్దిపెట్టాడు. ఒక కట్ట ఉంచుకోమంది మా ఆవిడ. వద్దమ్మా అన్నాడు.

ఇక వెళ్లండి అనబోతూ ఆవిడ తల వైపు చూశాడు అధికారి. ‘అమ్మా, హెల్మెట్టు ఏదీ?’

‘కోడి పొదిగింది బాబూ.’

అంతవరకూ నవ్వనివాడు నవ్వాడు. ‘ఎన్ని గుడ్లు?’ అని కూడా అడిగాడు. అడుగుతూనే ఫోను తీసి ఫొటో కొట్టాడు.

నేను ‘నేరంలో ఉద్దేశం ముఖ్యం సార్, కోడి విషయంలో మాకు...’ అని మొదలుపెట్టాను. హెల్మెట్టు నేరానికి దురుద్దేశం ఉందా లేదా అని చూడరు. అది నాకూ తెలుసు. అయినా మొదలుపెట్టాను.

కొండ దిగుతుంటే దారిలో ఒక ఠాణా బోర్డు కనిపించింది. అల్లూరి సీతారామరాజు జిల్లా అని రాసుంది. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన మనిషి పేరు ఇప్పుడు ఆ కొండల్లో ఠాణాల బోర్డుల మీదే ఉంది. ఆయన ఫలానావి తీసుకెళ్తున్నానని చీటీ కూడా రాసి పెట్టాడు. రాయాల్సినంత రాసి, చెప్పాల్సినంత చెప్పి వెళ్లిపోవడం ఒక విద్య. అది అందరికీ అబ్బదు.

వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద ఈ కథ మొత్తం మా ఆవిడే చెప్పింది, నా గొంతు అనుకరిస్తూ. కాపురంలో మొగుడూ పెళ్లాం చెప్పుకున్న మాటలు బయటపెట్టమని భార్యని బలవంతం చెయ్యకూడదని సాక్ష్య చట్టం. తనంతట తాను చెప్పబోయినా, మొగుడు ఒప్పుకోకపోతే మామూలుగా కోర్టులో చెప్పనివ్వరు. వనభోజనాల గురించి మాత్రం అందులో ఏమీ లేదు. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పెళ్లాం దగ్గర చేసింది మాత్రం జీవితాంతం చెల్లుతుంది.

మూడోరోజు ఫోనుకి మెసేజీ వచ్చింది, వెయ్యి రూపాయలు చలానా అని. ‘ముట్టుకోకు! ఇవి మోసగాళ్ల మెసేజీలు. చలానా పేరుతో ఏపీకే ఫైలు పంపి బ్యాంకులో డబ్బు ఊడ్చేస్తారు. 1930కి ఫోన్ చెయ్యాలి’ అన్నాను. మాట అబద్ధం కాదు, అలాంటివి వస్తున్నాయి. ఆవిడ మెసేజీలో లింకు జోలికి పోలేదు. తిన్నగా పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టింది. చలానా నిజమే.

‘ఆగు బావా’ అన్నాడు మా బావమరిది ఫోన్లో. ‘2022 మార్చిలో మా తెలంగాణలో టూవీలర్ చలానాలకి ముప్పావు వంతు మాఫీ చేశారు. మీకూ ఇస్తారేమో.’ ఆంధ్రాలో ఉన్నవాడు తెలంగాణ మాఫీ కోసం ఎదురుచూడటం ఏ సెక్షన్ కింద వస్తుందో వెతకబోతుంటే, మా ఆవిడ గుడ్లమ్మిన డబ్బుల్లోంచి కట్టేసింది.

నాకింకా ఒక ధర్మసందేహం మిగిలింది. హెల్మెట్టు లేని తల ఆవిడది కదా, నేరం నాదెలా అవుతుంది? మోటారు వాహనాల చట్టం తీశాను. 194-డి. బండి నడిపినవాడే శిక్షార్హుడు అని స్పష్టంగా ఉంది. వెయ్యి జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత కూడా రాసుంది. ఆ రెండో ముక్క ఆవిడకి చదివి వినిపించలేదు.

పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. హెల్మెట్టు కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాం. ఇప్పుడు ఆవిడ అది పెట్టుకునే బండెక్కుతోంది. చలానాకి జతచేసిన ఫొటోలో ఆవిడ కొంగు కప్పుకుని, పెదాలు బిగించి, రాజ్యాంగం చెప్పినట్టు కూర్చుంది. నా నోరు తెరిచి ఉంది. దాన్ని తన ఫోను తెర మీద పెట్టుకుంది. నేనెక్కడైనా సెక్షన్ మొదలుపెడితే చాలు, ఏమీ మాట్లాడకుండా ఫోను నావైపు తిప్పుతోంది.